విచారించుకోను వచ్చినోళ్ళు

"మేయ్ క్రిస్టీ, నిన్ను విచారించుకోను వచ్చినారు," అంది విశ్వాసమ్మ ఫోనులో. "పిల్లోని తరపు మనిషే. తెల్లచొక్కా, మెడలో కార్డు. బండేసుకొని వచ్చినాడు. శానా మర్యాదస్తుడు."

క్రిస్టినా చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, రెండు చేతులతో పొడుగు కర్ర పట్టుకుని ఉంది. కర్ర చివర రబ్బరు పట్టీ. సోలారు పలకలు కడిగే పని ఎండ ముదరక ముందే ముగించాలి. కాగిన అద్దం మీద చన్నీళ్ళు పడితే చిట్లిపోతుంది. కర్నూలు అవతల ఆ రాళ్ళ నేల మీద పలకలకు కొదవ లేదు, వాటి మీద పడే ఎర్రదుమ్ముకు అసలే కొదవ లేదు. ఈ పొద్దు కడిగింది ఎల్లుండికి మళ్ళీ మొదటికొస్తుంది.

"అమ్మా, పనిలో ఉండా. మాపటికి మాట్లాడతా."

"మాపటి దాకా నా కడుపులో ఆగదు. విను."

నిజమే. విశ్వాసమ్మ కడుపులో మాట ఆగిన రోజు బోడిగుట్టపల్లెలో ఎవరికీ గుర్తు లేదు. సంతోషం కలిగించే మాటయితే మరీ ఆగదు. పైగా కూతురికి పెళ్ళి వయసు దాటిపోతోందని చర్చిలో ఆడవాళ్ళు ఆరాధన ముగిసీ ముగియకముందే గుర్తు చేస్తుంటారు. అందుకని క్రిస్టినా నీళ్ళ పైపు కట్టేసి, పలకల నీడలో కూర్చుని విన్నది.

ఆ తెల్లచొక్కా మనిషి మొదట పెద్దింటికి పోయాడట, నాగలక్ష్మమ్మ దగ్గరికి. విశ్వాసమ్మ ఆ పొద్దు వాళ్ళ శనగ చేలోనే ఉంది, గట్టు మీద ఆగి ఆమెకూ తన పేరు చెప్పి నంబరు ఇచ్చి పోయాడట. క్రిస్టినా అనే అమ్మాయి ఇల్లు ఈ ఊర్లోనేనా, ఎన్నాళ్ళ నుంచి ఉన్నారు, నడత ఎట్లాంటిది, పోలీసు కేసులేమన్నా ఉన్నాయా, ఏం చదివింది అని అడిగాడట. నాగలక్ష్మమ్మ కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చిందట. అక్కడి నుంచి ఏసేపు పెద్దనాయన ఇంటికి పోయాడట. ఏసేపు సంఘపెద్ద. ఆయన మాట లేనిదే ఆ పేటలో ఏ సంబంధమూ గడప దాటదు.

"ఇద్దరూ ఏం చెప్పినారు?" అని అడిగింది క్రిస్టినా.

"ఏం చెప్తారు, మంచే చెప్పినారు. డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసయిందన్నారు. నాగలక్ష్మమ్మయితే ఇంజనీరింగు గూడా సదువుతాండాదనింది. వంటకు వంక పెట్టే పని లేదనింది. అంతా ఫోనులో రాసుకొని, ఏలితో సంతకాలు గీకించుకొని పాయ."

ఒళ్ళో ఉన్న కర్ర జారి ఇనుప కాలికి తగిలి ఠంగుమంది.

"అమ్మా, ఆయప్ప కార్డు మీద ఏముండాది?"

"ఇంగ్లీషులో ఉండాది. నాకెట్ల తెలుస్తాది. పేరు మటుకు చెప్పినాడు, వసంతకుమార్. మనోళ్ళ పేరు మాదిరే లేదూ?"

"పెండ్లి అని చెప్పినాడా?"

"ఎవురన్నా చెప్తారామే? విచారించుకోను వచ్చినోళ్ళు పెండ్లి అని చెప్పి విచారిస్తారా? అడిగే తీరులోనే తెలిసిపోతాది."

ఆ మాటా నిజమే. ఆ పక్క పల్లెల్లో పిల్లను చూడ్డానికి మనుషులు రాకముందు, ఏమీ తెలియనట్టు ఒకడొస్తాడు. దారి అడుగుతాడు, నీళ్ళు అడుగుతాడు, ఎద్దులను మెచ్చుకుంటాడు, ఆ మధ్యలో పిల్ల సంగతి అడుగుతాడు. అడిగేవాడు పెళ్ళి మాట ఎత్తడు, చెప్పేవాడూ ఎత్తడు. చెప్పేవాడి ధర్మమల్లా పిల్లను ఒక మెట్టు ఎక్కించి చెప్పడమే. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా. నోటికాడి సంబంధం చెడగొట్టిన పాపం ఏడు జన్మలకూ పోదని నాగలక్ష్మమ్మ నమ్మకం. ఒక్క జన్మే ఉందని నమ్మే ఏసేపుది కూడా ఈ విషయంలో మాత్రం అదే నమ్మకం.

"అమ్మా, ఆయప్ప పెండ్లి మనిషి కాదు. నేను అడిగిన కొత్త ఉద్యోగానికి వెరిఫికేషన్ చేసేటోడు. కంపెనీ పంపించింది. నేను రాసిచ్చింది నిజమా కాదా అని కనుక్కోను వచ్చినాడు."

అవతల శనగ చేలో ఎవరో నవ్వుతున్న చప్పుడు వినపడింది.

"అయితే ఇంగా మంచిదాయ గదా," అంది విశ్వాసమ్మ. "పాసయిందనే చెప్పినారు."

"నేను పాసు కాలేదని రాసినానమ్మా."

శుక్రవారం పొద్దున శ్రీకాంత్ ఆమెను ఆఫీసుకు పిలిపించాడు. ఆఫీసంటే ఒక ఇనుప కంటెయినరు, దానికి కిటికీ కోసి ఏసీ పెట్టారు. శ్రీకాంత్ కాంట్రాక్టరు మనిషి. గేటు లోపల పనిచేసే వాళ్ళందరినీ తెచ్చిపెట్టేది అతనే. టెక్నీషియన్ పోస్టులు పడినప్పుడు అందరి రెజ్యూమేలూ అతనే టైపు చేయించాడు. క్రిస్టినాకు "డిప్లొమా ఎలక్ట్రికల్, ఉత్తీర్ణత" అని కొట్టించాడు. ఆమె ఆ ముక్క తీయించి, "లెక్కలు ఒక సబ్జెక్టు మిగిలి ఉంది" అని పెట్టించింది. తిక్కపిల్ల అనుకున్నాడు అప్పుడు. ఇప్పుడు ఆ మాట పైకే అన్నాడు.

"తిక్కపిల్లా, చూడు. నీ పేరుకు ఎర్రగుర్తు పడింది." ఫోను ఆమె వైపు తిప్పాడు. "నువ్వొకటి రాసినావు. ఊర్లో ఇద్దరు పెద్దమనుషులు ఇంగొకటి చెప్పినారు. పొంతన లేదంట. సోమవారం లోపల తేలకపోతే పోస్టు పోతాది. పోస్టు ఒక్కటే గాదు, ఎర్రగుర్తు పడినోళ్ళకు గేటు పాసే ఉండదు. పలకలు కడిగేది గూడా బందు."

"తక్కువ రాసుకున్నా తప్పేనా సార్?"

"ఎందుకు గాదు? ఇంత సదువుండి దాచిపెట్టి ఈ పనికి ఎందుకొచ్చిందా అంటారు. ఊర్లో ఉండే క్రిస్టినా, ఈడుండే క్రిస్టినా ఒకటేనా అంటారు." శ్రీకాంత్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "దీన్ని సరిజేసేది శానా సులభం. ఊరు ఊరంతా నువ్వు పాసంటాంది. నువ్వొక్కదానివే కాదంటాండావు. నువ్వు గూడా ఔననుకో, అయిపాయ. సర్టిఫికెట్ సంగతి నాకిడ్సిపెట్టు. ఇంతమందికి తెప్పించినా, నీకొకటి నాకు బరువా?"

శ్రీకాంత్ చెడ్డవాడేం కాదు. సైటులో ఎవరికి జ్వరమొచ్చినా అర్ధరాత్రి బండి తీసేది అతనే. మనుషులను గేటు దాటించడం అతని పని. ఆ పనికి నిజం అడ్డమొస్తే, దారిలో రాయిని కాలితో పక్కకు తోసినట్టు తోసి, తన పాటికి తాను పోతాడు. ఇందులో తప్పేముందో అతనికి ఇప్పటికీ అర్థం కాదు.

క్రిస్టినాకు ఆశ పుట్టలేదని కాదు. పుట్టింది. టెక్నీషియన్ అయితే తన పేరున ఒక మీటరు, ఒక సంచీ పనిముట్లు ఉంటాయి. అమ్మను చేను పని మాన్పించవచ్చు. ఔనని ఒక్క మాట అంటే చాలు, అంతా చక్కబడిపోతుంది. ఆ మాట నాలుక మీదకు వచ్చింది కూడా. వచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

గోడవారగా హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని సైటు ఇంజనీరు నాగజ్యోతి కూర్చుని ఉంది. ఈ పోస్టుకు క్రిస్టినా పేరు పంపింది ఆమే.

"మేడం, మీరేమంటారు?"

"ఒక సబ్జెక్టు మిగిలింది, అయినా ఈ పిల్ల పని నాకు కావాలని రాసి పంపినా. ఇప్పుడు నువ్వు పాసంటే నాది అబద్ధమయితాది. అది నాకొద్దు," అంది నాగజ్యోతి. "మీ ఊరోళ్ళు చెప్పినారు గాబట్టి మీ ఊరోళ్ళే సరిజేయాల. ఆ వెరిఫికేషన్ అబ్బాయి ముందర."

"మా ఊర్లో పెండ్లి గావాల్సిన పిల్లను ఫెయిలు అనడం తిట్టు కింద లెక్క మేడం."

"అయితే తిట్టించుకో," అంది నాగజ్యోతి, లేచి హెల్మెట్ పెట్టుకుంటూ.

కడిగే పని అయ్యాక రోజూ చేసేట్టే, ఆ మధ్యాహ్నం కూడా క్రిస్టినా నాగజ్యోతి మీటరు పట్టుకుని పలకల వరసల మధ్య తిరిగింది. పట్టకారులా నోరు తెరిచి తీగను కరిచి పట్టుకునే మీటరు అది. ఒక్కో వరస తీగకు తగిలించి, ఎంత కరెంటు వస్తోందో చూసి రాయాలి. తిరగలేని వాళ్ళు నీడన కూర్చుని, నిన్న ఎనిమిది వచ్చింది కాబట్టి ఈ పొద్దూ ఎనిమిదే అని రాసేస్తారు. ఆమె తగిలించిన ఒక వరస సున్నా చూపించింది. మళ్ళీ తగిలించింది, మళ్ళీ సున్నా. సున్నా అని రాసి, ఆ వరస వెంబడి వంగి వంగి నడిచి, నల్లగా కాలిపోయిన జాయింటు ఒకటి పట్టుకుంది. ఎనిమిదని రాసుంటే అది ఇంకా కాలుతూనే ఉండేది. జాయింటు మార్చేదాకా పక్కనే నిలబడి, తర్వాత అమ్మకు ఫోను చేసి వసంతకుమార్ నంబరు అడిగింది.

విశ్వాసమ్మ దగ్గర నంబరు భద్రంగా ఉంది. పక్కింటి వాళ్ళ చేత "పెండ్లి వసంతు" అని వేయించుకుంది.

శనివారం కోయిలకుంట్ల మీదుగా పోయే జమ్మలమడుగు బస్సెక్కి, అక్కడి నుంచి గండికోట చూడబోయే వాళ్ళతో కిక్కిరిసిన ఆటోలో, దీపాలు పెట్టే వేళకు ఊరు చేరింది. విశ్వాసమ్మ సద్దరొట్టె తట్టుతోంది. కూతుర్ని చూసి రొట్టె పెనం మీద వేసింది గానీ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం ఆమెకు ఎంత కష్టమో క్రిస్టినాకు తెలుసు.

"ఫెయిలయిందని పదిమంది చేత చెప్పించను ఇంత దూరం వచ్చినావా?" అంది చివరికి.

"ఇద్దరి చేత చాలు."

"ఆ పరీచ్చలు అయిపోయిన ఏడు నేను చర్చిలో కృతజ్ఞత కానుక ఇచ్చినా. పాసయిందని అందరి ముందర ప్రార్థన చేయించినా. ఇప్పుడు నేను తలకాయ యాడ పెట్టుకోవాల?"

"కానుక వాపసు అడగంలే అమ్మా."

విశ్వాసమ్మకు నవ్వొచ్చింది, కానీ కోపం మీద ఉంది కాబట్టి రొట్టె వైపు తిరిగి నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. పొగకు కాదు. క్రిస్టినా పక్కన కూర్చుని పిండి ముద్ద తీసుకుంటే ఆమె చేయి తోసేసింది. "నువ్వు తట్టితే అది రొట్టె గాదు, పీట. పోయి నాగలక్ష్మమ్మతో మాట్లాడుకో పో."

పెద్దింటి అరుగు మీద నాగలక్ష్మమ్మ చింతపండు గింజలు తీస్తోంది. పొలాలున్న ఇల్లయినా ఆమె చేతులు ఊరికే ఉండవు. క్రిస్టినా అరుగు కింద మెట్టు మీద కూర్చుని అంతా చెప్పింది. నాగలక్ష్మమ్మ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"అంతేనా? అయ్యో, ముందర తెలీకపాయ. రేపు రమ్మను ఆ పిల్లోన్ని. ఎట్ల చెప్తే నీకు మంచి జరుగుతాదో అట్ల చెప్తా. నా చేతుల్లో పెరిగినదానివి, నీ పని చెడగొడతానా?"

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని క్రిస్టినా అనుకోలేదు. ఇంటికొస్తూ సంతోషపడింది. సగం దారిలో ఆ సంతోషం ఎందుకో సన్నగిల్లింది, కారణం తట్టలేదు.

ఆదివారం ఆరాధన ముగిశాక ఏసేపు చర్చి గోడవార బండ మీద కూర్చుని ఉన్నాడు. తెల్ల పంచె, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, ఒళ్ళో కళ్ళద్దాల డబ్బా. క్రిస్టినా చెప్పింది విని, డబ్బా మూత తెరిచి మూశాడు, తెరిచి మూశాడు.

"అది అబద్ధం కింద రాదు బిడ్డా. సంబంధానికి చెప్పిన మాట అది. దాని లెక్క వేరే."

"వచ్చింది సంబంధం కాదు పెద్దనాయనా."

"నాకేం తెలుసు? నేను సంబంధమనుకునే చెప్పినా." ఏసేపు గొంతు తగ్గించాడు. "మొన్న సంతకం పెట్టినా. ఈ పొద్దు పోయి అది కాదు ఇది అంటే, రేపటి నుంచి ఈ ఊర్లో నా మాట ఎవురింటారు? తగువులు తీర్చేటోన్ని. పోలీస్ టేషన్ గడప తొక్కకుండా ఇన్ని కాపరాలు నిలబెట్టినా ఈ నోటితోనే. నాగలక్ష్మమ్మ చెప్తాది గదా, ఆయమ్మ చాలు నీకు."

"ఇద్దరూ చెప్తేనే ఎర్రగుర్తు తీస్తారంట."

"ప్రార్థన చేస్తాలే," అన్నాడు ఏసేపు, మూత గట్టిగా మూసి. ప్రార్థన చేస్తాననడం ఆయన పద్ధతిలో కుదరదని చెప్పడమే. క్రిస్టినా ఏడుస్తానేమోనని గబగబా నడిచి వచ్చేసింది.

వసంతకుమార్ ప్రొద్దుటూరు నుంచి బండి మీద వచ్చాడు. మర్యాదస్తుడే. ఆదివారం పూట రప్పించినందుకు విసుక్కోలేదు. నాగలక్ష్మమ్మ మళ్ళీ కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. విశ్వాసమ్మ వాకిలి దగ్గర కొంగు భుజం నిండా కప్పుకుని నిలబడింది. ఏసేపు కూడా వచ్చాడు గానీ లోపలికి రాలేదు, ఎద్దుల కొట్టం నీడలో ఆగాడు. దారిన పోతున్న వాళ్ళు ఇద్దరు ముగ్గురు పనేదో గుర్తొచ్చినట్టు నిలబడిపోయారు.

"అమ్మా, మొన్న క్రిస్టినా గారి చదువు గురించి చెప్పినారు. అందులో ఏమన్నా మార్చాల్సింది ఉందంటాండారు," అన్నాడు వసంతకుమార్, ఫోను తెరిచి.

"మార్చాల నాయనా. అదేం సదివింది? ఏమీ సదవలే," అంది నాగలక్ష్మమ్మ నిబ్బరంగా. "బడి మొగమే చూడలే. ఏలిముద్ర."

వసంతకుమార్ తాగుతున్న మజ్జిగ దించాడు. "మొన్న ఇంజనీరింగు అన్నారు గదమ్మా?"

"అది వేరే పిల్ల."

క్రిస్టినాకు నిన్న సగం దారిలో తట్టని కారణం ఇప్పుడు తట్టింది. తలపట్టుకుంది.

"అమ్మా, అట్ల గాదు..."

"నువ్వుండవే. తక్కువ జెప్తేనే గదా నీకు మంచిదంటివి?"

వసంతకుమార్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అతని మొహంలో మర్యాద ఉంది గానీ నవ్వు పోయింది. "అక్కా, ఏమనుకోవద్దు. మొన్న ఒక మాట, ఈ పొద్దు ఇంగో మాట, నీ రెజ్యూమేలో మూడో మాట. ఇట్లయితే నువ్వే వీళ్ళ చేత చెప్పిస్తాండావని రాయాల్సి వస్తాది నేను. అది రాస్తే ఇంగ యాడా తీసుకోరు, ఈ కంపెనీ గాదు, ఏ కంపెనీ గూడా."

విశ్వాసమ్మ కొంగు చివర నోటికి అడ్డం పెట్టుకుంది.

క్రిస్టినా అరుగు దగ్గరికి పోయి నాగలక్ష్మమ్మ మోకాలి దగ్గర కూర్చుంది. "అమ్మా, నాకేది మంచిదో చూడొద్దు. ఏది ఉండాదో అది చెప్పు."

"ఉన్నది చెప్తే నీకు మంచి జరుగుతాదా?"

"తెలీదమ్మా."

"తెలీకుండా ఎట్ల చెప్పేదే పిల్లా?" అంది నాగలక్ష్మమ్మ. ఆమె కళ్ళల్లో బెదురు కనపడింది. ఒక పిల్ల బతుకు గురించి, దాని ఫలితమేందో తెలియకుండా నోరు విప్పడం ఆమె జీవితంలో ఎన్నడూ చేయలేదు. చేయరాదనే ఆమె పెద్దలు నేర్పారు. క్రిస్టినాకు ఆమె మీద కోపం రాలేదు. ఇంత ప్రేమ పెట్టుకుని తన కొంప ఎట్లా ముంచుతోందో చూసి దిగులేసింది.

"ఈ పిల్ల ఎవురి చేతా చెప్పించలే," అన్నాడు ఏసేపు.

కొట్టం నీడలోంచి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. చేతిలో కళ్ళద్దాల డబ్బా అట్లాగే ఉంది.

"రాసుకో నాయనా. మొన్న నేను నీకు అబద్ధం చెప్పినా. నువ్వు పెండ్లి మనిషివనుకొని చెప్పినా. ఈ పిల్ల పాసు కాలే. లెక్కలు మిగిలిపోయినాయి. రెండు మూడు సార్లు గట్టింది, రాలే. నాకు తెలుసు. తెలిసే ఫస్ట్ క్లాసన్నా."

వసంతకుమార్ రాయకుండా చూస్తున్నాడు.

"ఈ ఊర్లో పెండ్లి విషయంలో ఉన్నమాట చెప్పిన మనిషి లేడు, నాతో సహా. మేమందరం దాని మంచికేనని అబద్ధమాడినాం. అది ఒక్కతే తనకు చెడు జరిగే కాడ గూడా నిజం రాసింది. మా అబద్ధానికి దాన్ని అబద్ధాలకోరును చేయొద్దు."

"పెద్దాయనా, 'నేను అబద్ధం చెప్పినా' అని మీరన్నట్టే రాయమంటారా?"

"అట్లే రాయి."

"మీ హోదా తీసేసి రాస్తాలెండి. ఉత్త పేరు చాలు."

ఏసేపు డబ్బాలోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఫోను తెర మీద చదవడానికి వంగాడు. "తీయొద్దు. బోడిగుట్టపల్లె సంఘపెద్ద అని రాయి. ఆ పేరు మీదనే మొన్న నమ్మితివి. దాని మీదనే ఇప్పుడు గూడా నమ్మల్ల."

చదివి, వేలితో తెర మీద సంతకం గీశాడు. మొదటిసారి సరిగా రాలేదు, తుడిపించి మళ్ళీ గీశాడు.

నాగలక్ష్మమ్మ అంతా చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని, "అయితే నాది గూడా తీసి రాయి నాయనా," అంది. "లెక్కల్లో పాయ. తక్కినయి బాగా సదివింది. నోరెక్కువ. దొంగబుద్ధి లేదు. వంట మటుకు..."

"వంట అక్కర్లేదమ్మా."

"అదొక్కటీ కాపాడినావు," అంది నాగలక్ష్మమ్మ. వాకిట్లో నవ్వారు. విశ్వాసమ్మ మాత్రం నవ్వలేదు. తల వంచుకుని ఇంటిదారి పట్టింది. క్రిస్టినా వెనకే పోబోతే ఏసేపు చేయి అడ్డం పెట్టాడు. "ఉండనీ. ఆయమ్మకు టైం పడతాది. నాకు పట్టలే?"

సోమవారం మాపటికి ఎర్రగుర్తు పోయి పచ్చగుర్తు పడింది. శ్రీకాంత్ ఫోను చూపిస్తూ, "ఊరు ఊరంతా అబద్ధాలకోర్లని రాయించుకొచ్చి ఉద్యోగం సంపాదించిన పిల్లను నిన్నే చూసినా," అన్నాడు. అంటూనే సొరుగు తెరిచి, తాను తెప్పించిన సర్టిఫికెట్ల కట్ట ఒకసారి చూసుకుని, సొరుగు మూసేశాడు. నాగజ్యోతి కొత్త మీటరు తెచ్చి చేతిలో పెట్టింది. "ఆ లెక్కలేందో ఈసారి అవగొట్టు. ప్రతిసారీ మీ ఊరికి మనిషిని పంపలేం," అంది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున క్రిస్టినా వరసల మధ్య మీటరు పట్టుకుని ఉండగా ఫోను మోగింది. ఇప్పుడు పలకలు కడిగేది వేరే వాళ్ళు. వాళ్ళ నీళ్ళు ఆమె బూట్ల మీద చిందాయి.

"మేయ్, కొంప మునిగింది," అంది విశ్వాసమ్మ.

"ఏమాయమ్మా?"

"మళ్ళా వచ్చినారు విచారించుకోను. ఆడమనిషీ మగమనిషీ. మీ కంపెనీ వాళ్ళేనని నాగలక్ష్మమ్మ ఉన్నదంతా చెప్పేసింది. లెక్కల్లో పోయిందని, నోరెక్కువని, రొట్టె తట్టితే పీటని. పెద్దనాయన దగ్గరికి పోతే ఆయన ఇంగో రెండు కలిపినాడు. చిన్నప్పుడు మామిడికాయలు దొంగిలించిన సంగతి గూడా చెప్పినాడంట."

"కంపెనీ వాళ్ళు కాదా?"

"గాదే. మైదుకూరు వాళ్ళు. నిజంగా పెండ్లికే."

క్రిస్టినా పలక కాలికి ఆనుకుని నవ్వింది. నీళ్ళు పోసేవాళ్ళు తిరిగి చూశారు.

"నవ్వుతాండావా? వంట రాదని గూడా చెప్తే ఎవురు చేసుకుంటారే?"

"రాదు గదమ్మా."

"రాదులే," అంది విశ్వాసమ్మ ముక్తసరిగా.

"ఏమన్నారు వాళ్ళు?"

"ఏమీ అనలే. మజ్జిగ తాగినారు. ఆయమ్మ పోతా పోతా నా నంబరు తీసుకొని పాయ. ఎందుకో తెలీదు." విశ్వాసమ్మ గొంతు సర్దుకుంది. "నన్ను గూడా అడిగినారు."

క్రిస్టినా నవ్వు ఆపింది. "నువ్వేం చెప్పినావు?"

"ఏం చెప్తా. నేను వేరే చెప్తే మళ్ళా నీకు యాడ ఎర్రగుర్తు పడతాదో అని, పాసు కాలేదు, లెక్కలు మిగిలినాయి అని చెప్పినా. చేలో అందరూ ఉండారు. అందరూ విన్నారు."

అవతల చేలో గాలి చప్పుడు వినపడుతోంది.

"చెప్పేటప్పుడు అందరూ నవ్వుతారనుకుంటి మేయ్," అంది విశ్వాసమ్మ. "చెప్పినాక చూస్తే, ఏమీ కాలే. పక్కసాలు సిద్దమ్మ గూడా కొడవలి ఆపలే. మల్ల నేనూ వంగి కోసుకుంటా పోయినా."

"ఇప్పుడు యాడుండావు?"

"చేలోనే. ఉంటా, సాలు మిగిలిపోతాంది."

క్రిస్టినా ఫోను జేబులో పెట్టుకుని, మీటరు తరువాతి తీగకు తగిలించి, అంకె నిలకడ పడేదాకా చూసింది.